తొలకరి సాయంత్రం వాకిట్లో ఏం జరుగుతుంది

రోహిణి కార్తె చివరి రోజులు. రోళ్లు పగిలే ఎండ అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదనిపించేంత ఉడుకు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి గాలి తిరుగుతుంది, దుమ్ము లేస్తుంది, ఆరేసిన బట్టల కోసం ఎవరో మేడ మీదికి పరుగెడతారు, ఇంకా ఒక్క చినుకైనా పడకముందే మట్టి వాసన ముక్కుకు తగులుతుంది. "ఎక్కడో పడుతోంది" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు.

ఆ మాట నిజమే. వాన ఎక్కడో పడుతూనే ఉంది, ఆ వాసన గాలి మీద మన దాకా ప్రయాణం చేసి వచ్చింది. ఇక్కడ మొదలై తర్వాతి రెండు మూడు వారాల్లో మన వాకిళ్ళలో, చేలల్లో, గట్ల మీద వరసగా కొన్ని సంగతులు జరుగుతాయి. దీపం చుట్టూ ఉసిళ్ళు ముసురుతాయి, ఎర్ర నేలల్లో ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి, కప్పలు గొంతెత్తుతాయి, పుట్టల మీద గొడుగులు లేస్తాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నవే కాబట్టి వీటిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ వీటి మధ్య ఉన్న చుట్టరికం తెలిస్తే, మనం ఏళ్ళ తరబడి ఒకే కథలోని ముక్కల్ని విడివిడిగా చూస్తూ వచ్చామని అర్థమవుతుంది. ఆ చుట్టరికంలో కొంత మన భాషలో, మన వంటలో, మన పెళ్ళి తంతులో కూడా దాగి ఉండటం ఇంకా బాగుంటుంది.

ముందు ఆ వాసన సంగతి చూద్దాం. 1964లో ఆస్ట్రేలియాకు చెందిన ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దానికి పెట్రికోర్ అని పేరు పెట్టారు. ఎండాకాలమంతా మొక్కల నుంచి వచ్చిన నూనెలు రాళ్ళకూ మట్టికీ పట్టుకుని ఉండి, తడి తగలగానే వాసనగా విడిపోతాయని వాళ్ళు చెప్పారు. వాళ్ళకంటే చాలా ముందే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరు చేసేవాళ్ళు ఇదే వాసనను సీసాలో పట్టేశారు. ఎండిన మట్టిని బిళ్ళలు చేసి కాల్చి, రాగి పాత్రల్లో నీళ్ళతో మరిగించి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి దింపితే వచ్చేదే మిట్టీ అత్తరు. పేరు తెలియకపోయినా పని తెలిసినవాళ్ళు వాళ్ళు.

మొక్కల నూనెలు ఇందులో ఒక పాలు మాత్రమే. మనకు బాగా తెలిసే ఆ గాఢమైన మట్టి వాసన అసలు మట్టిది కాదు, మట్టిలో బతికే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులది. అవి జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. మనిషి ముక్కు దాన్ని పట్టే తీరు నమ్మశక్యం కాదు: లక్ష కోట్ల పాళ్ళ గాలిలో ఏ నాలుగైదు పాళ్ళు కలిసినా చాలు, తెలిసిపోతుంది. మిగతా ఎన్నో వాసనల దగ్గర మనం కుక్కల కంటే, చీమల కంటే వెనకబడి ఉన్నాం గానీ ఈ ఒక్క దాని దగ్గర మన ముక్కు గట్టిదే.

మరి చినుకు పడితే అది గాల్లోకి ఎలా లేస్తుందన్నది చాలాకాలం సరిగ్గా తెలియలేదు. 2015లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు చాలా వేగంగా బొమ్మలు తీసే కెమెరాలతో చినుకు పడే క్షణాన్ని చిత్రీకరించారు. సన్న సన్న రంధ్రాలున్న నేల మీద చినుకు పడగానే దాని అడుగున గాలి చిక్కుకుంటుంది, చిన్న చిన్న బుడగలై పైకి లేచి, సోడా పోసిన గ్లాసు మీద చిటపటలాడినట్టు పగులుతుంది. ఆ పగిలినప్పుడు లేచే కంటికి కనపడని తుంపరలే వాసనను మోసుకుపోతాయి. మెల్లగా, ఓ మోస్తరుగా పడే చినుకులకే ఇలాంటి తుంపరలు ఎక్కువగా లేస్తాయని, ధాటిగా పడే చినుక్కి అంతగా లేవవని తేలింది. తొలకరి జల్లుకు గుప్పుమనే వాసన శ్రావణం ముసురులో, కుండపోతలో ఎందుకు రాదో దీంతో చాలావరకు తెలిసినట్టే. అప్పటికి నేల కూడా నానిపోయి ఉంటుంది, రంధ్రాల్లో గాలికి చోటుండదు.

అసలు ఆ జీవికి ఈ వాసన ఎందుకన్నది ఇంకా మంచి ప్రశ్న. మన కోసం కాదు కదా. 2020లో వచ్చిన ఒక పరిశోధన దీనికి జవాబు చెప్పింది. మట్టిలో స్ప్రింగ్‌టెయిల్స్ అని ఆవగింజంత కూడా ఉండని ఆరు కాళ్ళ జీవులుంటాయి, పూలకుండీ కింద తడి మట్టిని కదిలిస్తే చిటుక్కున ఎగిరి పడేవి అవే. జియోస్మిన్ వాసన వాటిని పిలుస్తుంది. అవి వచ్చి స్ట్రెప్టోమైసిస్‌ను మేస్తాయి, పోతూ పోతూ ఒంటికి అంటుకున్న బీజాలనూ, అరగకుండా బయటికి పోయిన బీజాలనూ కొత్త చోట చల్లుతాయి. పువ్వుకూ తేనెటీగకూ ఉన్న ఒప్పందం లాంటిదే ఇదీ, మట్టి లోపల జరుగుతుంది కాబట్టి మనం చూడలేదు. ఆ పిలుపు మనకు కూడా వినపడుతోంది, అంతే.

ఈ స్ట్రెప్టోమైసిస్‌తో తెలుగువాళ్ళకు ఇంకో బంధం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనలకు పెద్దగా ఉన్న కాలంలో, ఆయన ఆధ్వర్యంలోనే బెంజమిన్ డుగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మిస్సౌరీ నుంచి వచ్చిన ఒక మట్టి నమూనాలో బంగారు రంగు తేలే స్ట్రెప్టోమైసిస్ జాతిని పట్టుకున్నాడు. దాని నుంచి తీసిన మందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందుల కుటుంబంలో మొదటిది. 1948లో అది లోకానికి తెలిసింది, అదే ఏడాది సుబ్బారావు చనిపోయారు. క్షయకు మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ కూడా ఈ స్ట్రెప్టోమైసిస్ నుంచే వచ్చింది, పేరులోనే ఉంది చూడండి. వానకు ముందు మనం గుండె నిండా పీల్చుకునే వాసన ఏ జీవులదో, మన ఇళ్ళలో ఎంతోమంది ప్రాణాలు నిలబెట్టిన మందులూ ఆ జీవులవే.

వంటింట్లోనూ ఇది కనపడుతుంది. చెరువు చేపకు మట్టి వాసన వస్తుందని, సముద్రపు చేపకు రాదని చేపలు తినేవాళ్ళందరికీ తెలుసు. ఆ వాసన ఇదే జియోస్మిన్. చెరువు నీళ్ళలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు లాంటి సూక్ష్మజీవులు కూడా దాన్ని తయారుచేస్తాయి, అది చేప కొవ్వులోకి చేరుతుంది. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగిపోతుంది. బొచ్చెకైనా కొర్రమీనుకైనా చింతపండు పులుసు ఎందుకు అంత బాగా కుదురుతుందో, కడిగేటప్పుడు నిమ్మకాయో మజ్జిగో ఎందుకు రాస్తారో దీంతో తెలుస్తుంది. మృగశిర కార్తె మొదటి రోజు చేపలు తినాలని తెలంగాణలో మార్కెట్లన్నీ కిటకిటలాడతాయి కదా, సరిగ్గా మట్టి వాసన గాల్లో ఉన్న రోజే పొయ్యి మీద అదే వాసనను పులుపుతో విరిచేస్తున్నారన్నమాట. ఏ రసాయన శాస్త్రమూ చదవకుండా, నాలుక చెప్పింది విని, అత్త కోడలికి, తల్లి కూతురికి చెప్పుకుంటూ వచ్చిన పద్ధతి ఇది.

ఇక వాన పడి వెలిసిన ఆ రాత్రి సంగతి. కరెంటు వచ్చీ రాగానే ట్యూబ్‌లైటు చుట్టూ రెక్కల పురుగులు వందలుగా ముసురుతాయి. ఉసిళ్ళు, ఉసుళ్ళు, ఈసుళ్ళు, ఊరిని బట్టి పేరు మారుతుంది. తలుపులు మూసి, లైట్లు ఆపి, దీపం కింద పళ్ళెంలో నీళ్ళు పెట్టి, అన్నంలో పడకుండా చూసుకుని, ఇది ఒక గంట గొడవ అనుకుంటాం. ఆ గంట వాటికి ఏడాది మొత్తానికి ఒక్క పండగ. ఇవి చెదలే. పుట్ట లోపల చీకట్లో ఏడాదంతా పనిచేసే గుడ్డి చెదలకు ఇవి రెక్కలొచ్చిన, చూపున్న అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ. నేల మెత్తబడిన మొదటి సాయంత్రం కోసమే కాచుకుని ఉంటాయి, చుట్టుపక్కల పుట్టలన్నీ ఒకే వేళకు వీటిని బయటికి వదులుతాయి. ఒకే వేళకు ఎందుకంటే వేరే పుట్టలో పుట్టిన జత దొరకాలి, పైగా బల్లులు, కప్పలు, తొండలు, కాకులు, గోరింకలు ఎంత తిన్నా ఇంకా కొన్ని మిగలాలి. నిజంగానే చాలావరకు తిండి అయిపోతాయి. మనుషులూ తింటారు, కొన్ని ఊళ్ళలో వీటిని పట్టి, రెక్కలు చెరిగి, వేయించుకుని తినడం ఇప్పటికీ ఉంది.

నేల మీద వాలిన ఉసిలి తన రెక్కల్ని తానే విరుచుకుంటుంది. రెక్క మొదట్లో అందుకోసమే ఒక సన్నని గీత ఉంటుంది, అక్కడ తెగి రాలిపోతుంది. తర్వాత ఆడది ముందు, మగది వెనకాలే దాన్ని అంటిపెట్టుకుని, గోడవారగా పరుగెడతాయి. చూసే ఉంటారు, గచ్చు మీద రెండేసి రెండేసి పురుగులు రైలు బండిలా పోతూ ఉంటాయి. మెత్తటి మట్టి దొరికితే బొరియ తవ్వుకుని లోపలికి పోయి మూసేసుకుంటాయి. ఇక జన్మలో బయటికి రావు. ఆ ఇద్దరే రాజూ రాణీ, అన్నీ కలిసొస్తే ఆ బొరియే కొన్నేళ్ళకు పుట్ట అవుతుంది, పదేళ్ళకు పైగా బతికే రాణులున్న జాతులున్నాయి. (పుట్టలు పెట్టింది చీమలని మనం పద్యాల్లో చదువుకున్నాం, పెట్టేది చెదలు. చెదలు చీమలకు ఏమీ కావు, బొద్దింకల వంశం.)

ఇప్పుడు పుట్టగొడుగు అన్న మాట చూడండి. పుట్ట మీద వచ్చే గొడుగు. ఎన్ని భాషల్లో ఉందో ఇలాంటి పేరు తెలియదు గానీ, మన పేరులో ఒక పెద్ద శాస్త్ర విషయం ఉంది. మన నేలల్లో పుట్టలు పెట్టే చెదలు ఎండుగడ్డీ, పుల్లలూ, పేడా తెచ్చుకుంటాయి గానీ వాటిని పూర్తిగా అరిగించుకోలేవు. అందుకని పుట్ట లోపల అరల్లో, తాము విసర్జించినదాన్నే తేనెపట్టు లాంటి గడ్డలుగా పేర్చి, దాని మీద టెర్మిటోమైసిస్ అనే బూజును సాగు చేస్తాయి. ఆ బూజు పుల్లలోని గట్టిదనాన్ని విరగ్గొడుతుంది, చెదలు దాన్ని తింటాయి. మనిషి నాగలి పట్టి పదివేల ఏళ్ళు కాస్త దాటిందేమో, చెదలు ఈ వ్యవసాయం మొదలుపెట్టి సుమారు మూడు కోట్ల ఏళ్ళని లెక్క. ఆ బూజు వానాకాలంలో పుట్టను చీల్చుకుని పైకి తెచ్చే పువ్వు లాంటిదే మనం ఏరుకొచ్చే పుట్టగొడుగు. మెల్లగా తవ్వి తీస్తే కాడ కింద పొడుగాటి వేరులాంటి తోక పుట్ట లోపలికంటా దిగి ఉంటుంది, అది సరాసరి చెదల తోటలో నుంచి వస్తుంది.

ఇందులో నాకు అన్నిటికంటే బాగా నచ్చే ముక్క ఇంకోటి ఉంది. మొదటి వానకు ఎగిరిన ఉసిళ్ళ జంట కొత్త బొరియలో గుడ్లు పెట్టి, మొదటి పనివాళ్ళు పెరిగి బయటికి తిండి వెతుక్కుంటూ వచ్చే సమయానికి, పాత పుట్టల మీద గొడుగులు విచ్చుకుని బీజాలు రాలుస్తుంటాయి. చాలా జాతుల్లో కొత్త జంట బయల్దేరేటప్పుడు విత్తనం వెంట తీసుకుపోదు, ఆ పనివాళ్ళే తిండితో పాటు రాలిన బీజాలను లోపలికి తెచ్చి తోట మొదలుపెడతాయి. అంటే తొలకరి రాత్రి మన ట్యూబ్‌లైటు దగ్గర ఎగిరినదానికీ, తర్వాత కొన్ని వారాలకు మనం కూర వండుకున్నదానికీ మధ్య ఉన్నది ఒక కుటుంబం, ఒక విత్తనాల పంపకం. టెర్మిటోమైసిస్‌ను మనిషి తన షెడ్లలో పండించలేకపోతున్నాడు. బజారులో ఏడాదంతా దొరికే బటన్ మష్రూమ్, పాల పుట్టగొడుగు వేరు, ఇది వేరు. దీనికి చెదలు కావాలి, పుట్ట కావాలి, వాన కావాలి.

అందుకే పుట్టగొడుగులు లేచే చోటు తెలిసినవాళ్ళకు ఊళ్ళో ఒక విలువ ఉండేది. గొర్రెల కాపరో, కట్టెలకు పోయే అవ్వో ఏ గట్టున, ఏ చెట్టు కింద, ఏ వాన తర్వాత ఎన్నో రోజు లేస్తాయో గుర్తుపెట్టుకుని తెల్లారకముందే పోయి ఏరుకొచ్చేవాళ్ళు, ఆ చోటు బయటివాళ్ళకు చెప్పేవాళ్ళు కాదు, మనవడికో మనవరాలికో మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించేవాళ్ళు. ఇది పుస్తకంలో చదివి నేర్చుకునే పని కాదు. తెల్లగా గొడుగులా ఉన్నదల్లా తినేది కాదు, ప్రాణం తీసేవి కూడా అచ్చం అలాగే ఉంటాయి. ఫోన్‌లో ఫొటో పెట్టి పోల్చుకుని తినొద్దు. ఆ నేల తెలిసిన మనిషి పక్కన ఉండాల్సిందే, ఆ మనిషి చూసి వద్దంటే వద్దు.

పుట్టమన్ను ఇంకో దారిలో మన ఇళ్ళలోకి వచ్చింది. పెళ్ళిలో పాలికల్లో నవధాన్యాలు చల్లడానికి పుట్టమన్ను తెస్తారు, తిరుమలలో బ్రహ్మోత్సవాలకు ముందు అంకురార్పణకు కూడా మట్టి సేకరించి తేవడం ఒక తంతుగా జరుగుతుంది. చెదలు లోతు నుంచి గింజ గింజగా తెచ్చి, ఉమ్మితో కలిపి కట్టిన సన్నటి మట్టి అది, చుట్టుపక్కల పైమట్టికీ దానికీ గుణంలో తేడా ఉంటుంది. 6వ శతాబ్దపు జ్యోతిష పండితుడు వరాహమిహిరుడైతే నేల కింద నీళ్ళెక్కడున్నాయో చెప్పే గుర్తుల్లో పుట్టల్ని కూడా చేర్చాడు. చెదలకు పుట్టలో తడి తగ్గితే బతుకు లేదు కాబట్టి ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. నాగుల చవితికి పాలు పోసే పుట్ట కూడా చెదలు కట్టిందే, పాములు ఖాళీ బొరియల్లో చేరతాయి.

మొదటి వానలు పడ్డ తర్వాతి ఉదయం, ఎండ ఇంకా చురుక్కుమనకముందు, ఎర్ర నేలల్లో, ఇసుక దిబ్బల్లో, చేల గట్ల మీద ఆరుద్ర పురుగులు కనపడతాయి. ముట్టుకుంటే మఖ్మల్, అంత మెత్తన. పిల్లలు అరచేతిలో పెట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటాయి, కాసేపాగి మెల్లగా కదులుతాయి. అగ్గిపెట్టెలో పచ్చగడ్డి వేసి దాచుకుని, బడిలో పక్కవాడికి చూపించి గొప్పపోవడం ఒక తరానికంతా తెలిసిన సంగతి. కావ్యాల్లో దీన్ని ఇంద్రగోపం అన్నారు. పేరులో పురుగు అని ఉన్నా కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది ఉంటాయి, అంటే ఇది సాలీడుకూ తేలుకూ బంధువు.

దీని బతుకు చూస్తే మళ్ళీ మనం మొదటి రాత్రికే వెళతాం. ఏడాదిలో ఎక్కువ భాగం ఇది మట్టి లోపలే ఉంటుంది. వాన పడి ఉసిళ్ళు ఎగిరి నేలకు రాలే సమయానికి, వాటిని తినడానికీ, జత కట్టడానికీ కొన్ని గంటల పాటు పైకి వస్తుంది. ఈ జాతుల్లో మగ పురుగు తన బీజాన్ని గడ్డిపరకల మీద, పుల్లల మీద చిన్న చిన్న బొట్లుగా ఉంచి, అక్కడికి దారి చూపేలా సన్నటి పట్టుదారం పరిచిపెడుతుంది, ఆడ పురుగు ఆ దారం పట్టుకుని వస్తుంది. మట్టిలో పెట్టిన గుడ్ల నుంచి వచ్చే పిల్లలు మాత్రం ఆరు కాళ్ళతో ఉండి, మిడతల లాంటి వాటి ఒంటికి అతుక్కుని పెరుగుతాయి, ఆ తర్వాతే నేలకు దిగి ఎనిమిది కాళ్ళవి అవుతాయి. పెద్దవయ్యాక పురుగుల గుడ్లు, చెదలు తింటాయి. రైతుకు అది కనపడితే మంచిదని, విత్తనం వేసుకోవచ్చని అనుకునేవాళ్ళంటే అందులో నమ్మకం ఎంతుందో పరిశీలనా అంతే ఉంది: నేల లోపలి దాకా తడి దిగితేనే అది పైకి వస్తుంది, పైపైన తడిసిన నేలలో రాదు.

ఈ పేరు దగ్గర ఒక చిక్కు ఉంది. ఆరుద్ర కార్తె జూన్ 21, 22 తేదీల్లో మొదలవుతుంది, కానీ ఈ పురుగులు చాలాచోట్ల అంతకు ముందే, మృగశిరలోనే కనపడతాయి. మరి ఆరుద్ర పేరు ఎందుకొచ్చినట్టు? కార్తెలు సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉన్నాడన్న లెక్క మీద నడుస్తాయి, 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 13, 14 రోజులు. వానలు మాత్రం రుతువుల లెక్క మీద వస్తాయి. నక్షత్రాల ఏడాది రుతువుల ఏడాది కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ. ఇరవై నిమిషాలే కదా అనిపిస్తుంది, కానీ సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు తేడా వస్తుంది, వెయ్యేళ్ళకు పద్నాలుగు రోజులు, అంటే పూర్తిగా ఒక కార్తె. వరాహమిహిరుడి కాలంలో సూర్యుడు దక్షిణానికి తిరిగేది పునర్వసులో ఉండగా, ఇప్పుడు అదే మలుపు ఆరుద్ర మొదట్లోకి వచ్చింది. ఈ లెక్కన వెయ్యేళ్ళ కిందట ఆరుద్ర కార్తె, వానల పరంగా చూస్తే, ఇవాళ మృగశిర ఉన్న చోట ఉండేది. పేరు పెట్టినవాళ్ళు తప్పు చూశారని అనుకోవడం కంటే, వాళ్ళు చూసిన నాటి నుంచి ఆకాశమే ఒక అడుగు జరిగిందని అనుకోవడానికి ఎక్కువ వీలుంది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు, మృగశిరలో ముంగిళ్ళు చల్లబడతాయి లాంటి సామెతల్ని కూడా తేదీలు పట్టుకుని తప్పో ఒప్పో తేల్చేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కప్పల గురించి ఒక్క మాట. ఎండాకాలమంతా మట్టిలో పూడుకుని పడుకున్న గోదురు కప్పలు పెద్ద వానకు లేచి, రాత్రికి రాత్రి మగవన్నీ పసుపు రంగుకు తిరుగుతాయి, గొంతు పక్కన నీలం తిత్తులు ఉబ్బుతాయి. ఇవేవో కొత్త జాతి కప్పలని ఏటా ఎవరో ఒకరు ఫోన్లలో వీడియో పంపుతుంటారు. కాదు, మన చెరువుగట్టు కప్పలే, పెళ్ళికళ వచ్చింది. అరిచేవి మగవి మాత్రమే. కప్పలు అరిస్తే వాన వస్తుందన్నది సగం నిజం, గాలిలో తేమ పెరగడం వాటి ఒంటికి మనకంటే ముందు తెలుస్తుంది, అంతవరకే. వాన రాని ఏడు పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిరిగితే ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోసే కప్పతల్లి ఆట మన పల్లెల్లో ఇంకా ఉంది. వానకూ కప్పకూ ఉన్న ముడి ఊరంతటికీ గుర్తుండిపోయేలా చేసిన ఆట అది. ఇదే కప్ప కాళ్ళను ఒకప్పుడు మన దేశం విదేశాలకు టన్నుల కొద్దీ అమ్ముకుంది, చేలల్లో పురుగు తినే కప్ప తగ్గిపోతే జరిగే నష్టం తెలిశాక 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు.

గిజిగాడు కూడా ఈ రోజుల్లోనే తాటి, ఈత చెట్లకు గూళ్ళు అల్లడం మొదలుపెడుతుంది, ఆ గూటి లోపలి మట్టి ముద్దకు మిణుగురుల్ని అతికించి దీపం పెట్టుకుంటుందని ఒక కథ ఉంది. మట్టి ముద్దలు నిజమే, దీపం మాత్రం కథ. సగం అల్లిన గూటిని ఆడపిట్ట వచ్చి చూసి నచ్చితేనే మగపిట్ట మిగతా సగం పూర్తిచేస్తుందని, ఒక మగపిట్ట ఇలా వరసగా ఒకటికి మించి సంసారాలు పెడుతుందని 1930 ప్రాంతంలో ముంబై దగ్గర కిహిమ్ అనే ఊళ్ళో నెలల తరబడి కూర్చుని చూసి రాసినవాడు పక్షి శాస్త్రవేత్త సలీం అలీ. నిజంలోనే ఇంత కథ ఉంది.

ఇవన్నీ ఇప్పుడు తగ్గుతున్నాయి, దానికి కారణాలు కూడా రోజువారీవే. వాకిలి మొత్తం సిమెంటు చేస్తే ఉసిళ్ళకు బొరియ తవ్వే చోటు లేదు. ఇంటి చుట్టూ చెద మందు కొట్టడం అవసరమే కావచ్చు, కానీ చేను గట్టు మీది పుట్టను కూడా తవ్వి మందు పోస్తే దాంతోపాటు గొడుగూ పోతుంది. గడ్డి మందు, పురుగు మందు పడిన చేలో ఆరుద్ర పురుగు కనపడదు, పైగా నాటు మందుల కోసం, నూనె కోసం దాన్ని డబ్బాల కొద్దీ ఏరి అమ్మే వ్యాపారం దేశంలో కొన్నిచోట్ల సాగుతోంది. ఏడాదికి కొన్ని గంటలు జత కోసం బయటికొచ్చే జీవిని సరిగ్గా ఆ గంటల్లోనే ఏరేస్తే మిగిలేదేముంది? మిణుగురులకు చీకటి కావాలి, వాటి వెలుగు ఒకదాన్నొకటి పిలుచుకునే మాట, తెల్లటి ఎల్‌ఈడీ వెలుతురులో ఆ మాట వినపడదు.

వీటికంటే ముందు పోయేది మాత్రం పేరు, దాన్ని చెప్పే మనిషి. ఆరుద్ర పురుగు అని పిల్లాడికి చెప్పిన అమ్మమ్మ ఒక పేరుతో పాటు ఎప్పుడు వస్తుందో, ఎక్కడ ఉంటుందో, ఏం చెయ్యకూడదో కూడా చెప్పింది. ఇవాళ వాన పడిన సాయంత్రం పది నిమిషాలు చాలు: వరండా లైటు ఆపి, ఒక మూల చిన్న పసుపు దీపం ఒకటే ఉంచి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే, గోడ మీద బల్లి ఎటు కాచుకుందో, రెక్కలు ఎలా రాలతాయో, ఏది ఏ దాని వెంట పరుగెడుతోందో అంతా అక్కడే కనపడుతుంది. పదింట తొమ్మిది బల్లికీ కప్పకూ పోతాయి. తెల్లారి వాకిలి ఊడ్చేవాళ్ళ చీపురు కింద పోగయ్యేవి ఆ రెక్కలు, వాటిని వదిలేసి పోయిన ఒకటి రెండు జంటలు అప్పటికే మెట్ల పక్కన, గచ్చు పగిలి మట్టి కనపడే చోట, లోపలికి దిగి తలుపు మూసేసుకుని ఉంటాయి.